ఇరవై మూడు నాటి కంచు కాసు

బైండింగు షాపు, వెనక గది
సోమవారం

చిన్నోడా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే సంతోషం పట్టలేక ఆ రెండో అంతస్తు కిటికీలోంచి కింద పడతావేమోనని భయం. మన ఊరి నాణేల సంఘం వాళ్ళు నాకు ఉత్తరం రాశారు. నువ్వు కాసుల పరీక్ష నేర్చుకున్న సంఘమే. నాన్న ఒకప్పుడు ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, ఆ తర్వాత గడప తొక్కడం మానేసిన సంఘమే. కొత్త భవనంలో ఒక గది మొత్తం దొరల కాలం కంచు కాసులకి ఇస్తున్నారట. అందులో నాన్న పోగుచేసిన వరస పెట్టి, గదికి నాన్న పేరు పెడతారట. పేరు కింద ‘బస్సు కండక్టరు’ అని కూడా రాయాలని నేను పట్టుబడతాను. ఆ కాసులన్నీ బస్సు సంచీలోంచి వచ్చినవే కదా. ప్రయాణికుడు ఇచ్చిన పాత కాసు తీసుకుని, తన జేబులోంచి కొత్తది సంచీలో వేసేవాడు. ఒక్కరోజు కూడా లెక్క తప్పలేదు.

ఒకటే షరతు. వరస పూర్తిగా ఉండాలి. పంతొమ్మిది వందల ఒకటి నుంచి ముప్ఫై ఆరు దాకా, ఏడాదికి ఒక్కటి చొప్పున ముప్ఫై ఆరు కాసులు. కొత్త అధ్యక్షుడు మర్యాదగానే రాశాడు గానీ ఆ మర్యాద అడుగున ముల్లుంది. ‘ఇరవై మూడు నాటి కాసు తమ దగ్గర ఉందని మీ నాన్నగారు చెప్పేవారని పాత సభ్యులు అంటున్నారు. అది నిజంగా ఉంటే సరే. లేకపోతే మిగతావి ఎవరి దగ్గరైనా ఉండేవే కాబట్టి...’ అని చుక్కలు పెట్టాడు. ఆ మూడు చుక్కలు చూసేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఉంటే ఏమిటి, ఉంది! నాన్న నోటు పుస్తకం తీసి చూశాను. ఏ కాసు ఎక్కడ దొరికిందో ఒక్కో దానికి ఒక్కో ముక్క రాసుకున్నాడు. ‘పదకొండు: సంత బస్సులో, కోళ్ళ గంప ఆవిడ.’ ‘ఇరవై: చివరి ట్రిప్పు, తాగి పడుకున్న పెద్దమనిషి.’ ఇరవై మూడు దగ్గర ఏం రాశాడో తెలుసా? ‘ఆసుపత్రిలో, చిన్నోడు ఇచ్చాడు.’ అంతే. చదివి నాకు కళ్ళు చెమర్చాయి.

ఎనిమిది వారాల్లో బయటి ఊరినుంచి, కాసు అసలుదో నకిలీదో తేల్చే పరీక్షకుడు వస్తాడు. మా తమ్ముడే పేరున్న పరీక్షకుడండీ అన్నాను. తండ్రి కాసుల్ని కొడుకు పరీక్షించకూడదన్నారు. అదీ నిజమే. నేను అట్ట మీద ముఖమలు అతికించి ముప్ఫై ఆరు గుంటల పళ్ళెం చేస్తున్నాను. మీ బావ చూసి, “ఈ ఇంట్లో నా పక్కకి దుప్పటి లేదు గానీ కంచుకి ముఖమలు పరుపా?” అంటున్నాడు.

నాన్న అలవాటు ప్రకారం సంతకానికి బదులు కింద కాసు అద్దకం వేస్తున్నాను. నువ్వు మానేసి ఎన్నేళ్ళయిందో. కాసు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దడానికి అర నిమిషం చాలు. కింద ఏడాది రాయడం మర్చిపోకు. “కళ్ళకి కనిపించిందే రాయాలి” అనేవాడు కదా.

(పెన్సిల్ అద్దకం)
1911


పరీక్ష గది, రెండో అంతస్తు
శుక్రవారం

అక్కకి,

నీ ఉత్తరం అందింది. చాలా సంతోషం. నాన్నకి ఇన్నాళ్ళకి జరగాల్సింది జరుగుతోంది. ఇక్కడ పని ఊపిరి ఆడనివ్వడం లేదు, అందుకే వెంటనే రాయలేకపోయాను.

ఒక్క మాట చెబుతాను, కోపగించుకోకు. ముప్ఫై ఐదే ఇద్దాం. ఇరవై మూడుని బయటికి తీయకు. అలాంటిది ఇంట్లో ఉందని నలుగురికీ తెలిస్తే దొంగల కన్ను పడుతుంది. పైగా కొత్త భవనం గోడలు ఇంకా చెమ్మగా ఉంటాయి, కంచుకి చెమ్మ పడదు. పైగా బయటి పరీక్షకులు మోటు మనుషులు, అంచులు పట్టుకోవాల్సింది పోయి బొమ్మ మీదే వేళ్ళు పెడతారు. పైగా నాన్న బతికుండగా ఎవరికీ చూపించలేదంటే ఆయనకి ఇష్టం లేదనే కదా అర్థం? పోయిన మనిషి ఇష్టాన్ని మనం కాదనడం ఎందుకు? పైగా గది అన్నది పెద్ద విషయమేమీ కాదు. నాన్న మన మనసుల్లో ఉన్నాడు, అది చాలు.

బావని అడిగానని చెప్పు. పెన్సిల్ ముల్లు విరిగింది, అద్దకం వేయలేకపోతున్నాను.

తమ్ముడు


బైండింగు షాపు
బుధవారం

చిన్నోడా,

నీ ఉత్తరంలో నాలుగు ‘పైగా’లున్నాయి. ఏదో దాస్తున్నప్పుడే నీకు ఇన్ని కారణాలు పుడతాయి. చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టి, గాలి వచ్చింది, పిల్లి దూకింది, పైగా ఆ అద్దం ముందే బీటలు వారిందన్నావు. పెన్సిల్ ముల్లు విరిగిందట! పదిహేనేళ్ళకే చెక్కుడు షాపులో చేరి ఇత్తడి మీద అక్షరాలు చెక్కినవాడికి పెన్సిల్ చెక్కుకోవడం రాదా?

నాన్న మన మనసుల్లో ఉంటే చాలన్నావు. చాలదు. ఆ రోజు నువ్వు షాపులో ఉన్నావు, ఇంట్లో ఉన్నది నేను. ఆసుపత్రినుంచి వచ్చిన వారానికే సంఘానికి వెళ్ళి, నా దగ్గర ఇరవై మూడు ఉందని చెప్పి వచ్చాడు. ఎంత గర్వంగా చెప్పి ఉంటాడో. వచ్చే ఆదివారం తెచ్చి చూపించమన్నారు. ఆ వారమంతా భూతద్దం పట్టుకుని ఆ కాసు చూస్తూ కూర్చున్నాడు. ఆదివారం వచ్చేసరికి ఉత్త చేతులతో వెళ్ళాడు. “టిక్కెట్టు చింపినంత తేలిగ్గా అబద్ధం చెబుతున్నాడు” అన్నాడట ఎవడో, అందరూ నవ్వారట. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలో కూర్చుండిపోయాడు. ఎందుకు చూపించలేదు నాన్నా అని అడిగితే, “వాళ్ళకి చూసే యోగ్యత లేదమ్మా” అన్నాడు. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళపైన బతికాడు. ఎవరైనా కాసుల మాటెత్తితే జేబులో చెయ్యి పెట్టుకుని చిల్లర తిప్పుతూ కూర్చునేవాడే గానీ నోరు విప్పేవాడు కాదు. రిటైరైన ఏడాది మూడు రోజులు మాయమై, పాత డ్రైవర్ని చూసొచ్చానంటూ మొహం వెలిగిపోతూ వచ్చాడు. ఈసారైనా సంఘానికి వెళతాడేమో అనుకున్నాను. వెళ్ళలేదు. అబద్ధాలకోరు అనిపించుకునే పోయాడు చిన్నోడా. చావు ఇంటికి ఆ సంఘం వాళ్ళు ఒక్కరూ రాలేదు.

కాబట్టి ఇరవై మూడు ఆ గుంటలో కూర్చుంటుంది. పరీక్షకుడు చూస్తాడు. అధ్యక్షుడి చుక్కలు అధ్యక్షుడికే తినిపిస్తాను. నీకు అభ్యంతరం ఉంటే అసలు సంగతి చెప్పు. నీళ్ళు నమలకు.

(పెన్సిల్ అద్దకం)
1920


పరీక్ష గది
ఆదివారం, సెలవైనా ఇక్కడే ఉన్నాను

అక్కా,

అసలు సంగతి చెబుతాను. నిన్ను భయపెట్టడం ఇష్టం లేక చెప్పలేదు. కంచు కాసులకి పచ్చ తెగులు అని ఒకటి వస్తుంది. పైన ఆకుపచ్చ పొడిలా చిన్న చుక్క కనిపిస్తుంది. లోపల మాత్రం లోహాన్ని తినేస్తూ ఉంటుంది. పక్కన ఉన్న కాసులకి కూడా అంటుకుంటుంది. ఇక్కడ ఒక పెద్దాయన ఎనభై కాసులు ఇలాగే పోయాయి. నాన్న పోయాక నేను వచ్చినప్పుడు ఇరవై మూడు మీద నాకు అనుమానం కలిగింది. దూరం నుంచే చూశాను, చేతిలోకి తీసుకోలేదు. ఆ పరిస్థితిలో నీకేం చెప్పగలను?

ఇప్పుడు వెంటనే చూడు. భూతద్దం అక్కర్లేదు, ఊరికే వెలుతురులో చూడు. పచ్చ చుక్క ఎక్కడైనా ఉందా? ఉంటే ముందు మిగతావాటి పక్కనుంచి తీసెయ్. ఎవరికీ చూపించకు. నాకు రాసే దాకా పళ్ళెంలో పెట్టకు.

నా మీద ఒట్టు అక్కా, ఆలస్యం చేయకు.

తమ్ముడు


బైండింగు షాపు
గురువారం

చిన్నోడా,

ఉంది. రాజుగారి చెవి పక్కన, ఆవగింజలో సగం. ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాను, కాసు పాతబడితే పచ్చ పట్టదా అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక చూస్తే నా కళ్ళకి అది పాకుతున్నట్టే ఉంది. మిగతా ముప్ఫై ఐదింటినీ బల్లమీద పరిచి ఒక్కొక్కటీ కిటికీ దగ్గర తిప్పి చూశాను. ఇరవై నాలుగు మీద కూడా ఏదో ఉన్నట్టు అనిపించింది, గోటితో గీకితే జిగురు చుక్క. నాదే, అట్ట అంటించే జిగురు. ఏడుస్తూ నవ్వాను. మీ బావ వచ్చి మంచినీళ్ళిచ్చి వెళ్ళాడు. మీ బావ మంచినీళ్ళిచ్చాడంటే నా మొహం ఎలా ఉందో అర్థం చేసుకో.

పరీక్షకుడు రావడానికి ఇంక ఇరవై ఐదు రోజులే ఉంది. ఏం చేయమంటావు? కడగమని మాత్రం చెప్పకు. నాన్న ఎంత మొత్తుకునేవాడో గుర్తుందా? “కాసుకి పట్టిన రంగే దాని వయసు. కడిగితే వయసు పోతుంది, దాంతోపాటు కాసూ పోతుంది” అనేవాడు. చిన్నప్పుడు నేను ఒకదాన్ని నిమ్మకాయతో తోమి మెరిపించి చూపిస్తే రెండు రోజులు మాట్లాడలేదు.

దూదిలో చుట్టి రిజిస్టరు పోస్టులో నీకే పంపనా? నీ చేతిలో పడితే నాకు దిగులుండదు. నువ్వు ఒక్కసారి చూస్తే చాలు. వెంటనే రాయి.

(పెన్సిల్ అద్దకం)
1924


పరీక్ష గది
శనివారం

అక్కా,

పంపకు. పోస్టులో పోతుంది. పోకపోయినా నా బల్లమీద ఊరివాళ్ళ కాసులు రెండు వందలున్నాయి, వాటికి అంటుకుంటే నా కొంప మునుగుతుంది. ఆ కాసు ఈ గదికి రాకూడదు.

నీకు చేతకాక కాదు, నీకు మనసొప్పక ఆగుతున్నావని తెలుసు. నాన్న మాట మంచి కాసులకి. తెగులు పట్టినదానికి వేరే దారి లేదు. నగల పని చేసేవాళ్ళ దగ్గర ఆసిడ్ ఉంటుంది, ఘాటుగా పొగలొచ్చేది. చిన్న సీసా అడుగు. గాజు గిన్నెలో పోసి, పెరట్లో, పొగ మీదికి రాకుండా గాలి వచ్చే వైపు నిలబడి, కాసు వేసి అర గంట ఉంచు. చెయ్యి తగలనివ్వకు. తర్వాత నీళ్ళలో కడిగెయ్. బొమ్మ కొంచెం పోవచ్చు. భయపడకు. తెగులు తిన్న కాసే గానీ అసలైనదేనని, నేను కళ్ళారా చూశానని నా పరీక్షకుడి ముద్ర వేసి కాగితం రాసిస్తాను. నా ముద్ర ఉంటే ఎవరూ ఎదురు చెప్పరు. నాన్న పేరూ నిలుస్తుంది, మిగతా ముప్ఫై ఐదూ బతుకుతాయి.

ఇది చెయ్యి అక్కా. నువ్వు చేసే దాకా నాకు అన్నం దిగదు. ఇంకేం అడగకు.

తమ్ముడు


బైండింగు షాపు
బుధవారం, సాయంత్రం

చిన్నోడా,

చేశాను.

మూడు సందులవతల నగల పనివాడు సీసా ఇస్తూ, దేనికమ్మా అని అడిగాడు. మందుకి అన్నాను. పెరట్లో బండ మీద గాజు గిన్నె పెట్టాను. ముందు కాసు చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నీకు చెప్పలేదు గానీ అది చేతిలో ఎంత వెచ్చగా ఉండేదో. వేయగానే నురగ వచ్చింది. పొగ ఎర్రగా లేచింది, నేను వెనక్కి జరిగాను. నీళ్ళు మొదట పచ్చగా, తర్వాత నీలంగా మారాయి. నాకేం తోచలేదు చిన్నోడా, పదిహేను నిమిషాలకే తీసేద్దామనుకున్నాను. నువ్వు అర గంట అన్నావని ఆగాను. నువ్వు చెప్పావని ఆగాను.

తీసి కడిగితే రాజు లేడు. కిరీటం ఉండాల్సిన చోట పొక్కులు. వెనక ఏడాది లేదు. ఏమీ లేదు. గులాబి రంగు బిళ్ళ, నమిలి ఉమ్మినట్టుంది. బొమ్మ కొంచెం పోవచ్చన్నావు. కొంచెమా ఇది?

మీ బావ చూసి, “మీ తమ్ముడు చెప్పాడంటే సరే, వాడికి తెలియంది కాదు కదా” అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను. రోజుకి నాలుగుసార్లు అనుకుంటున్నాను. మిగతా ముప్ఫై ఐదు బాగున్నాయి. వాటికోసమే కదా. నేను చేసింది సరైన పనేనని ఒక్క ముక్క రాయి, చాలు. ముద్ర వేసిన కాగితం మర్చిపోకు.

ముంచే ముందు ఆఖరిసారి అని రెండు వైపులా అద్దకం తీశాను. మెత్తటి పెన్సిల్‌తో, పలచటి కాగితం మీద, నాన్న నేర్పినట్టే. బాగా వచ్చింది. నా దగ్గరుంటే చూసినప్పుడల్లా ఏడుపు వస్తోంది, నీకే పంపుతున్నాను.

(పెన్సిల్ అద్దకం, రెండు వైపులా)
1923


అద్దె గది
తేదీ వేయలేకపోతున్నాను

అక్కా,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మూడు చింపేశాను. ఇది చింపకుండా పోస్టు డబ్బాలో వేసి వస్తాను, తర్వాత నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

నీ కాసుకి తెగులు లేదు. చెవి పక్కన చుక్క మామూలు పచ్చ. ప్రతి పాత కంచుకీ ఉంటుంది. నువ్వు అనుకున్నదే నిజం. నేను అబద్ధం చెప్పాను.

నాన్న ఆసుపత్రిలో ఉన్న నెల గుర్తుందా? ఊపిరితిత్తుల్లో నీరు. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి వారం అన్నాడు. నీకు చెప్పలేదు. నాన్నకి జ్వరం పలవరింతల్లో కూడా ఆ వరసే. ఇరవై రెండు తర్వాత ఇరవై నాలుగు అనేవాడు, ఆగి, మధ్యలోది లేదురా అనేవాడు. నాకు పంతొమ్మిదేళ్ళు. చెక్కుడు షాపులో ఇత్తడి పలకల మీద డాక్టర్ల పేర్లూ వకీళ్ళ పేర్లూ చెక్కేవాణ్ణి. ఇరవై ఎనిమిది నాటి కాసులు ఎక్కడ పడితే అక్కడ దొరికేవి. ఒకటి తీసుకుని, మూడు మధ్యాహ్నాలు అన్నం మానేసి, ఎనిమిది ఎడమ వైపు రెండు వంపులూ సన్న ఉలితో కోసేశాను. మిగిలింది మూడు. పొగాకు నీళ్ళలో నానబెట్టి రంగు కలిపాను. నాన్న చేతిలో పెట్టాను. కళ్ళద్దాలు లేవు ఆయన దగ్గర. వేలితో తడిమి తడిమి, నా తల నిమిరాడు. సంతోషంగా పోతాడనుకున్నాను అక్కా. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

పోలేదు. బతికాడు. నాకు అంతకన్నా సంతోషం లేదు, అంతకన్నా భయమూ లేదు. ఇరవై ఒక్క ఏళ్ళు ఆ ఇంటికి వస్తూ పోతూ, ఆ కాసు పెట్టె వైపు చూడకుండా తిరిగాను. నకిలీ పట్టుకునే పనిలోనే చేరాను. ఎందుకు చేరానో నాకే తెలియదు. నకిలీ చేసినవాడికి నకిలీ తెలుస్తుందనేమో. ఈ పనిలో చేరాకే తెలిసింది, ఇరవై మూడు నాటి అచ్చు వేరని. ఆ ఒక్క ఏడాదే ‘3’ తల గుండ్రంగా ఉండదు, ద్వారబంధం పైకమ్మీలా అడ్డంగా, తిన్నగా ఉంటుంది. నేను చెక్కినది గుండ్రం తల. చూపు ఉన్న ఏ పరీక్షకుడైనా ఒక్క చూపులో పట్టేస్తాడు. ఆ కాసు ఎవరిచ్చారో నాన్న నోటు పుస్తకంలోనే ఉంది. అప్పుడు నా పేరు, నా ముద్ర, ఈ పదిహేనేళ్ళుగా నేను అసలువని చెప్పిన ప్రతి కాసూ... అందుకే ఆ కాసుకి మొహం లేకుండా చేయాలనుకున్నాను. నీ చేత చేయించాను.

ఇప్పుడు నీ అద్దకం నా ముందుంది. పొద్దున్నుంచీ చూస్తున్నాను. కిటికీ దగ్గర పెట్టి చూశాను, భూతద్దంతో చూశాను, తిరగేసి చూశాను. అక్కా, ఇందులో ‘3’ తల తిన్నగా ఉంది. కమ్మీలా, అడ్డంగా. ఇది నేను చెక్కింది కాదు. నువ్వు ఆసిడ్‌లో వేసింది అసలుది. ఈ దేశం మొత్తంలో అలాంటివి నాలుగున్నాయి. ఉండేవి.

నువ్వు పంపనా అన్నావు. నువ్వు ఒక్కసారి చూస్తే చాలు అన్నావు. నా చేతిపనిని మళ్ళీ చూసే ధైర్యం లేక వద్దన్నాను. ఒక్కసారి చూసి ఉంటే చాలు.

అది నాన్నకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. మరి నేను ఇచ్చింది ఏమైంది? ఇంట్లో ఎక్కడైనా ఉందా? వెతుకు అని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

తమ్ముడు అని రాయడానికి చెయ్యి రావడం లేదు.


బైండింగు షాపు
మంగళవారం

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. మీ బావ చదివి మడిచి అలమరలో పెట్టాడు. నేను పదకొండు రోజులు పనిలోనే మునిగి ఉన్నాను. జిగురు ఉడకబెట్టడం, అట్టలు కోయడం, కుట్టడం. నిన్ను తిట్టడానికి మాటలు వెతుక్కున్నాను, ఒక్కటీ సరిపోలేదు. నా చేతులు నావి కావనిపించింది.

వెతికాను. నువ్వు అడిగావని కాదు, నేను తెలుసుకోవాలి గనక. నాన్న కండక్టరు సంచీ అటక మీదుంది. చిల్లర అరలు మూడు, టిక్కెట్ల అర ఒకటి. దాని వెనక చేత్తో కుట్టిన చిన్న జేబు ఒకటుంది. కుట్టు చూడగానే తెలిసింది, నేను నేర్పిన బైండింగు కుట్టు. రెండు బస్సు టిక్కెట్ల మధ్య ఒక కాసు. రాజు మొహం అరిగి నున్నగా అయిపోయింది. అంచులు గాజులా ఉన్నాయి. జేబులో చెయ్యి పెట్టుకుని చిల్లర తిప్పేవాడని రాశాను కదా. చిల్లర కాదు చిన్నోడా. ఇరవై ఏళ్ళు ఆయన తిప్పింది నువ్విచ్చినదాన్ని.

ఆ వారం భూతద్దం పెట్టి కూర్చున్నప్పుడే నాన్నకి తెలిసిపోయింది. నిన్ను నలుగురిలో నిలబెట్టలేక ఉత్త చేతులతో వెళ్ళాడు. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు. ఆ మూడు రోజుల ప్రయాణం అసలు కాసుకోసమే. సంచీలో ఆ తేదీల దూరపు ఊరి టిక్కెట్టు కూడా ఉంది. సర్వీసులో మిగిలిన సెలవుల డబ్బు ఏమైందని అప్పట్లో అమ్మ అడిగితే నవ్వి ఊరుకున్నాడు. అసలుది తెచ్చాక మరి ఎందుకు చూపించలేదు? అప్పటికి నువ్వు అదే సంఘంలో బల్ల దగ్గర కూర్చున్నావు. ఆ కాసు ముందుగా నీ చేతికే వస్తుంది. ఆ ‘3’ తల చూడగానే నాన్నకి అంతా తెలుసని నీకు తెలిసిపోతుంది. నీకు ఆ సిగ్గు రాకూడదని, తను అబద్ధాలకోరుగానే ఉండిపోయాడు. కాసు మార్చాడు గానీ నోటు పుస్తకంలో ‘చిన్నోడు ఇచ్చాడు’ అన్న ముక్క మార్చలేదు. కళ్ళకి కనిపించిందే రాయమన్న మనిషి.

నువ్వు నాన్నకి ఇచ్చింది ప్రేమతోనే ఇచ్చావు. దాన్ని నేను కాదనను. నాకు చేసింది మాత్రం పిరికితనంతో చేశావు. ఆ రెండింటినీ నేను కలపలేకపోతున్నాను. నిన్ను క్షమించానని రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది, మన ఇంట్లో అవి ఇప్పటికే చాలా ఉన్నాయి.

నిన్న పరీక్షకుడు వచ్చాడు. పళ్ళెం బాగుందన్నాడు. ముప్ఫై ఐదూ మంచివన్నాడు. ముప్ఫై ఆరో గుంటలో బిళ్ళ తీసి చూసి, ఇది ఏదైనా కావచ్చమ్మా అన్నాడు. ఆసిడ్ సంగతి, నువ్వు చెప్పి చేయించిన సంగతి చెప్పాను. అధ్యక్షుడు, “మరి ఆ తమ్ముడుగారు ఏరీ?” అన్నాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. రానున్న ఆదివారం సమావేశం దాకా ఆగుతారట. ఆ తర్వాత గదికి ఇంకెవరి పేరో పెడతారు.

నాన్న ఎందుకు చూపించలేకపోయాడో చెప్పగలిగినవాడివి ప్రపంచంలో నువ్వు ఒక్కడివే. చెబితే నీ పని పోతుందని నాకు తెలుసు. నీ పేరు పోతుందని తెలుసు. నాన్నకి కూడా తెలుసు, అందుకే నిన్ను అడగలేదు. నేను నాన్నని కాను. అడుగుతున్నాను.

నువ్వు చెక్కిన కాసు ఇందులో పెడుతున్నాను. ఈసారి పోస్టులో పోతుందని అనకు.

అక్క


పరీక్ష గది తలుపు బయట, మెట్ల మీద
గురువారం

అక్కా,

కాసు అందింది.

ఇవాళ ముద్ర, సిరా పెట్టె, తాళాలు అప్పగించేశాను. ఎందుకని అడిగితే చెప్పాను. ప్యూను వచ్చి తలుపు మీద నా పేరున్న పలక ఊడదీసి నా చేతికే ఇచ్చాడు. అది చెక్కుకున్నదీ నేనే. పాత కాసులు నాతో పరీక్ష చేయించుకున్నవాళ్ళందరికీ ఉత్తరాలు వెళతాయట. వెళ్ళనీ.

శనివారం బస్సుకి బయల్దేరుతున్నాను. ఆదివారం సమావేశంలో నిలబడి మొదటినుంచీ చెబుతాను. నమ్ముతారో లేదో తెలియదు. దొంగ మాట ఎందుకు నమ్మాలంటే, నీ అద్దకం ఒక్కటి చూపిస్తాను. నువ్వు గుమ్మంలోకి రానిస్తే ఇంటికి వస్తాను, లేకపోతే బస్టాండులో ఉంటాను.

భూతద్దం తిరిగి ఇచ్చే ముందు నేను చెక్కిన కాసు దాని కింద పెట్టి చూశాను. అలా చూడటం ఇదే మొదటిసారి. రాజు మొహం పోయింది, అక్షరాలు పోయాయి. నాన్న బొటనవేలు అన్నిటినీ అరగదీసింది. ఏడాది ఒక్కదాని మీద మాత్రం ఆ వేలు పడినట్టు లేదు. ఎనిమిదిలో ఎడమ వైపు నేను కోసిన వంపుల మొదళ్ళు రెండూ ఇంకా అలాగే కనిపిస్తున్నాయి.

పెన్సిల్ చెక్కుకున్నాను. కళ్ళకి కనిపించిందే రాస్తున్నాను.

(పెన్సిల్ అద్దకం)
1928